కొత్త సిస్టమ్‌లో పాత పైథాన్

మా రాజమండ్రిలో డీటీపీ చేసినవాళ్ల ఇళ్లల్లో పాత సీడీల కట్టలు ఇప్పటికీ ఉన్నాయి. నవలలు, శతకాల వ్యాఖ్యానాలు, పంచాంగాలు, కాలేజీ సావనీర్లు, కొద్ది సంచికలతో ఆగిపోయిన చిన్న పత్రికలు, అన్నీ పేజ్‌మేకర్‌లో పేజీలు పెట్టినవే. అందులోంచి మేటర్ బయటికి తీసి ఇవాళ్టి కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు కనపడదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న యూరప్ అక్షరాలు కలగలిసి కనిపిస్తాయి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు ఫాంట్లు తయారుచేసినవాళ్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చారు. తలకట్టుకు ఒక స్థానం, గుడికి ఒకటి, కొమ్ముకు ఇంకొకటి, ప్రతి ఒత్తుకూ మరొకటి. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో అది తెలుగు. లేని యంత్రంలో అర్థంకాని గుర్తుల వరస.

ఈ మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చడం కొన్నేళ్లుగా నా పని. దానికి మా దగ్గరున్న పనిముట్టు ఒక పాత ప్రోగ్రాం. నాతో కలిసి పనిచేసిన మిత్రుడు రాసిచ్చాడు. ఏ ఫాంటులో ఏ ముక్క ఎక్కడుంది, ఏ ముక్క ముందు మార్చాలి, ఏది తర్వాత మార్చాలి, ఒత్తు అక్షరానికి ముందుంటే దాన్ని వెనక్కి ఎలా జరపాలి, ఇలాంటి తెలివంతా అందులో ఉంది. పుస్తకాల ప్రూఫులు చూస్తూ, దొరికిన ప్రతి తప్పుకూ ఒక వరస చేరుస్తూ పెంచిన ప్రోగ్రాం అది. దాన్ని పైథాన్ 2.7లో రాశాడు. నా కంప్యూటర్‌లో ఉన్నది ఆర్చ్ లినక్స్. ఆర్చ్ వాళ్ల సొంత ప్యాకేజీల్లో పైథాన్ 2.7 ఇప్పుడు లేదు. ఈ రెంటినీ ఒకచోట ఎలా నడపాలన్నదే ఈ వ్యాసం. పాత ప్రోగ్రాం మీద ఆధారపడ్డ లెక్కల ఆఫీసుకైనా, కాలేజీ ల్యాబ్‌కైనా, పరిశోధక విద్యార్థికైనా ఇదే చిక్కు ఎదురవుతుంది. పద్ధతీ చాలావరకు ఇదే.

పైథాన్ గురించి రెండు మాటలు. దాన్ని రూపొందించినది నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్. 1991లో తొలిసారి బయటికి వచ్చింది. మామూలుగా ఒక భాషకు కొత్త వెర్షన్ వచ్చినా పాత ప్రోగ్రాములు నడుస్తాయి. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 మాత్రం కావాలనే పాతదానితో తెగతెంపులు చేసుకుంది. అందుకు పెద్ద కారణం అక్షరాలు. పైథాన్ 2లో మామూలు మాట అంటే బైట్ల వరస. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది. అందుకని "తెలుగు" అనే మాట పొడవెంత అని పైథాన్ 2ను అడిగితే 18 అంటుంది. పైథాన్ 3ని అడిగితే 6 అంటుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని లెక్క. పైథాన్ 2లో బైట్ల మాటనూ యూనికోడ్ మాటనూ తెలియక కలిపితే ప్రోగ్రాం అక్కడే ఆగిపోయి, 224వ నంబరు బైటు నాకు తెలియదు, 128 లోపు ఉన్నవే చదవగలను అని సణిగేది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ప్రతిదీ ఆ 224తోనే మొదలవుతుంది కాబట్టి ఆ సణుగుడు విననివాళ్లు తెలుగు మీద పనిచేసినవాళ్లలో ఉండరు. పైథాన్ 3 అక్షరాలను అక్షరాలుగా, బైట్లను బైట్లుగా విడదీసింది. తెలుగువాళ్లకు అది మేలే చేసింది. ఆ మార్పు తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు.

కానీ అప్పటికే లోకంలో పైథాన్ 2 ప్రోగ్రాములు కోకొల్లలు. 2.7కి సేవలు 2015లో ఆపేద్దామనుకున్నవాళ్లు 2014లో గడువును 2020కి జరిపారు. 2020 జనవరి 1తో గడువు తీరింది. ఏప్రిల్‌లో 2.7.18 ఆఖరి విడుదలగా వచ్చింది. ఆ తర్వాత భాషను నిర్వహించేవాళ్ల నుంచి దానికి ఏ మరమ్మతూ రాలేదు.

ఇక ఆర్చ్. కెనడాకు చెందిన జడ్ వినెట్ 2002 మార్చిలో మొదలుపెట్టిన లినక్స్ ఇది. ఉబుంటు లాంటివి ఏప్రిల్, అక్టోబరు నెలల్లో నంబరు వేసిన వెర్షన్‌గా వస్తాయి. 22.04, 24.04 అని. ఆ వెర్షన్‌లో ఏ పైథాన్ ఉంటే దాని ఆయుష్షు ఉన్నంత కాలం దాదాపు అదే ఉంటుంది. ఆర్చ్‌కు అలాంటి నంబర్లు లేవు. ఒకసారి వేసుకుంటే ఇక ఎప్పటికీ నడిచే సిస్టమే, అందులో ఏ భాగం కొత్తది తయారైతే అది వచ్చి చేరుతూనే ఉంటుంది. దీన్నే రోలింగ్ రిలీజ్ అంటారు. ఓపెన్‌సూసె టంబుల్‌వీడ్, జెంటూ, వాయిడ్ కూడా ఈ తరహావే. ఆర్చ్‌లో ప్యాకేజీలు దించే ప్యాక్‌మ్యాన్‌కు అప్‌డేట్ చేయమని ఒక్క ఆజ్ఞ ఇస్తే ఆ రోజుకు ఉన్న కొత్తవన్నీ దిగుతాయి.

"అంత చిక్కైతే ఉబుంటు వేసుకోవచ్చుగా అత్తా" అన్నాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు. నా కారణం నాకుంది. ఒత్తులూ గుణింతాలూ తెర మీద సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ అనే భాగంలోనూ, లిబ్రేఆఫీస్‌లోనూ తెలుగుకు పనికొచ్చే సవరణ ఏది జరిగినా ఆర్చ్‌లో త్వరగా అందుతుంది. రోజంతా తెలుగు మేటర్ మీద కూర్చునేవాళ్లకు అది చిన్న సంగతి కాదు. పైగా పైథాన్ 2 అక్కడ కూడా వెళ్లిపోతున్నదే. ఉబుంటు 22.04లో దొరికేది, 24.04లో లేదు. డెబియన్ అనే ఇంకో లినక్స్‌లో 11వ వెర్షన్‌లో ఉంది, 2023లో వచ్చిన 12లో తీసేశారు. ఆర్చ్ ముందు నడిచింది, అంతే.

చాలా ముందు నడిచింది. పైథాన్ అని పిలిస్తే పైథాన్ 3 పలికేలా ఆర్చ్ 2010 అక్టోబరులోనే మార్చేసింది. ఆనాటికి మిగతా లినక్సుల్లో మామూలుగా ఆ పేరుకు పైథాన్ 2 పలికేది. ఆ మార్పుతో చాలా ప్రోగ్రాములు తడబడ్డాయి. ఏ పేరుకు ఏ వెర్షన్ పలకాలన్న విషయం మీద పైథాన్ వాళ్లు 2011లో ఒక పత్రం రాయాల్సి వచ్చింది. పైథాన్2, పైథాన్3 అని నంబరుతో పిలిస్తే తికమక ఉండదని అది సూచించింది. పాత ప్రోగ్రాముల మొదటి వరసలో మీరు ఇవాళ చూసే ఆ నంబరు అప్పటి నుంచి అలవాటైనదే. చివరికి 2022 సెప్టెంబరులో ఆర్చ్ తన ప్యాకేజీల్లోంచి పైథాన్ 2ను పూర్తిగా తొలగించింది. అప్పటికే వేసుకున్నవాళ్ల యంత్రాల్లో అది మిగిలిపోయింది గానీ సవరణలు రావు, చుట్టూ ఉన్నవి మారుతుంటే ఏదో ఒకరోజు నడవడం మానేస్తుంది.

ఇక్కడ చాలామందికి మొదట తట్టే ఆలోచన, సిస్టమ్‌లో ఉన్న పైథాన్‌నే వెనక్కి జరపడం. ఆర్చ్ పాత ప్యాకేజీలను తేదీలవారీగా ఒక భాండాగారంలో దాచి ఉంచుతుంది. అందులోంచి పాతది దించి, కొత్తదాని మీద వేసేయొచ్చు. దయచేసి ఆ పని చేయవద్దు. కాకినాడలో నాకు తెలిసిన ఒకాయన లెక్కల ప్రోగ్రాం కోసమని పైథాన్‌ను రెండు వెర్షన్లు వెనక్కి లాగాడు. లెక్కల ప్రోగ్రాం నడిచింది. ప్రింటర్ సెట్టింగుల కిటికీ తెరుచుకోవడం మానేసింది. ఇంకో రెండు మూడు పనిముట్లు నోరు మూసుకున్నాయి.

ఎందుకలా? సిస్టమ్‌లో ఉన్న పైథాన్ మీ కోసం పెట్టినది కాదు. సిస్టమ్ తన పనుల కోసం పెట్టుకున్నది. ఆర్చ్‌లో ఎన్నో పనిముట్లు పైథాన్‌లో రాసినవే. ఒక్కో పైథాన్ వెర్షన్‌కు విడిగా ఒక ఫోల్డర్ ఉంటుంది. 3.12 ఫోల్డర్‌లో ఉన్న లైబ్రరీలు 3.13కు కనపడవు. పైథాన్ మారినప్పుడు ఆర్చ్ నిర్వాహకులు ఆ లైబ్రరీలన్నిటినీ కొత్త వెర్షన్‌కు తగ్గట్టు మళ్లీ తయారుచేసి అన్నీ ఒకేసారి విడుదల చేస్తారు. అందుకే కొంత అప్‌డేట్ చేసి కొంత వదిలేయడాన్ని ఆర్చ్ ఒప్పుకోదు. పైథాన్ ఒక్కదాన్ని వెనక్కి లాగితే మిగతా అన్నీ కొత్త ఫోల్డర్‌లోనే ఉండిపోతాయి. ఇరుగు పొరుగు ఇళ్ల మధ్య ఉమ్మడి గోడను మనవైపు నుంచి పడగొట్టినట్టే అది. కప్పు కూలేది పక్కింట్లో.

2023 నుంచి ఆర్చ్ ఇంకో కట్టుబాటు తెచ్చింది. పైథాన్ లైబ్రరీలు దించే పిప్ ద్వారా సిస్టమ్ పైథాన్‌లోకి ఏదైనా వేయబోతే, ఈ స్థలం వేరేవాళ్ల నిర్వహణలో ఉంది, ఇక్కడ వేయకు అని అడ్డుకుంటుంది. విసుక్కుని ఆ అడ్డును దాటేసే మార్గాలు వెతికేవాళ్లున్నారు. ఆ అడ్డు ఉన్నది వాళ్ల మంచికే.

మరి పాతది ఎక్కడ పెట్టాలి? సిస్టమ్‌కు సంబంధం లేని చోట, మన సొంత హోమ్ ఫోల్డర్‌లో. లినక్స్‌లో ఒకే యంత్రంలో ఎన్ని పైథాన్లయినా ఉండొచ్చు, ఒకదాని జోలికి ఒకటి రాకుండా. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే మిగతాదంతా పద్ధతి తెలుసుకోవడమే.

నేను వాడింది పైఎన్వ్. ఇది చిన్న ప్రోగ్రాముల సముదాయం. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్ ఒకటి చేసుకుని అందులో కూర్చుంటుంది. 2.7.18 కావాలి అంటే పైథాన్ వాళ్ల సొంత సైటు నుంచి ఆ వెర్షన్ మూలపాఠాన్ని, అంటే సోర్స్ కోడ్‌ను, దించుతుంది. దారిలో ఎవరూ మార్చలేదని సరిచూసుకుంటుంది. ఆ తర్వాత మన యంత్రంలోనే, మన కంపైలర్‌తో దాన్ని తయారుచేస్తుంది. అంటే రెడీమేడ్ కాదు, కొలతలు తీసి కుట్టేది. దానికి ముందు బేస్-డెవెల్ అనే ప్యాకేజీతో పాటు జెడ్‌లిబ్, ఎస్‌క్యూలైట్, ఎక్స్‌జెడ్, టీకే లాంటివి ప్యాక్‌మ్యాన్‌తో వేసుకుని ఉండాలి.

చిక్కులు ఎదురయ్యేది ఈ తయారీలోనే. పైథాన్ అసలు రూపం సీ భాషలో ఉంటుంది. పాతది 2020 నాటి సీ, దాన్ని తయారుచేసే కంపైలర్ మాత్రం ఈ ఏటిది. రోలింగ్ సిస్టమ్‌లో కంపైలర్ కూడా దొర్లుతూనే ఉంటుంది మరి. ఆర్చ్‌లో ఆ కంపైలర్ పేరు జీసీసీ. 2024 మేలో వచ్చిన జీసీసీ 14, అంతకుముందు హెచ్చరించి వదిలేసిన కొన్ని అలవాట్లను తప్పులుగా లెక్కగట్టి ఆపేయడం మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన జీసీసీ 15 ఇంకో అడుగు వేసి, చెప్పకపోతే 2023 నాటి సీ ప్రమాణం ప్రకారమే చదువుతానంది. ఆ ప్రమాణంలో బూల్ అన్నది భాష సొంత పదం. పాత ప్రోగ్రాముల్లో ఎంతోమంది అదే పేరును తమ సొంతానికి నిర్వచించుకుని వాడారు. కంపైలర్ అక్కడ పట్టుకుంటుంది. మూలపాఠంలో వేలు పెట్టక్కర్లేదు. ఇది 2017 ప్రమాణంలో రాసినది, అలాగే చదువు అని కంపైలర్‌కు ఒక సూచన ఇస్తే చాలా పాత ప్రోగ్రాములు దారికొస్తాయి. ఏ పాత భాష తయారీ ఆగినా నేను మొదట చేసే పని ఎర్రర్ సందేశాల్లో ఆఖరిది కాకుండా మొట్టమొదటిది చదవడం. చివర కనపడే సందేశం చాలాసార్లు ఆగిపోయాను అని మాత్రమే చెబుతుంది. ఎందుకు ఆగిందో పైన ఎక్కడో ఉంటుంది.

ఇంకోటి ఓపెన్ఎస్ఎస్ఎల్. ఇంటర్నెట్‌లో రహస్యంగా మాట్లాడుకోవడానికి కావాల్సిన లైబ్రరీ. 2021లో దాని 3.0 వెర్షన్ వచ్చింది. 1.1.1 వెర్షన్ ఆయుష్షు 2023 సెప్టెంబరుతో తీరింది. పాత పైథాన్లను రాసింది ఆ 1.1ను, అంతకుముందువాటిని చూసి. కొత్తది పొసగకపోతే పైథాన్ తయారీ ఆ ఒక్క భాగాన్ని వదిలేసి ముందుకు పోగలదు. అప్పుడు పైథాన్ వచ్చేస్తుంది, నడుస్తుంది, పిప్‌తో ఏదైనా దించబోయినప్పుడు మాత్రం భద్రమైన కనెక్షన్ లేదని ఆగిపోతుంది. అలాంటప్పుడు పాత ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1ను విడిగా తెచ్చుకోవాలి. అది వేసి, ఎక్కడుందో తయారీ సమయంలో చెప్పాలి. మా ప్రోగ్రాంకు ఇంటర్నెట్‌తో పని లేదు. ఫైలు చదువుతుంది, ఫైలు రాస్తుంది. కాబట్టి దీని మీద నేను ఎక్కువ సమయం పెట్టలేదు. మీ ప్రోగ్రాంకు బయటి లైబ్రరీలు కావాలంటే మాత్రం తప్పదు. ఇంకో మాట, పైథాన్ 2.7కు పనిచేసే ఆఖరి పిప్ 20.3.4. 2021 జనవరిలో వచ్చిన పిప్ 21 నుంచి పైథాన్ 2ను వదిలేశారు.

తయారీ పూర్తయిందంటే అన్నీ కుదిరాయని కాదు. అవసరమైన లైబ్రరీలు దొరకక ఏయే భాగాలు తయారవలేదో చివర్లో ఒక జాబితా వస్తుంది. అది చదవాలి. మీ ప్రోగ్రాంకు కావాల్సిన భాగం అందులో ఉంటే ఆ లైబ్రరీ వేసి మళ్లీ తయారుచేయాలి.

పైఎన్వ్ ఆ తర్వాత చేసేది తేలికైన పని, కానీ అర్థం చేసుకోదగినది. మీరు పైథాన్ అని టైపు చేస్తే ఆ పేరున్న ప్రోగ్రాం కోసం లినక్స్ కొన్ని ఫోల్డర్లను వరసగా వెతుకుతుంది. మొదట ఎక్కడ దొరికితే అదే నడుస్తుంది. ఆ వరసను పాత్ అంటారు. పైఎన్వ్ తన ఫోల్డర్‌ను ఆ వరసలో అన్నిటికన్నా ముందు నిలుపుతుంది. అందులో పైథాన్ పేరుతో ఒక చిన్న ప్రతినిధి ఉంటుంది. మీరు ఏ ఫోల్డర్‌లో ఉన్నారో చూసి, అక్కడ ఫలానా వెర్షన్ కావాలని రాసిపెట్టిన చీటీ ఉంటే ఆ వెర్షన్‌ను పిలుస్తుంది. చీటీ లేకపోతే సిస్టమ్ పైథాన్‌కే వదిలేస్తుంది. మా మార్పిడి ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లో 2.7.18 అని ఒకే వరస ఉన్న ఫైలు ఉంది. ఆ ఫోల్డర్‌లోకి అడుగుపెడితే పాత పైథాన్, బయటికి వస్తే కొత్తది. సిస్టమ్ ఫోల్డర్లలో ఒక్క అక్షరం మారలేదు. వద్దనుకుంటే ఆ దాచిన ఫోల్డర్ తీసేసి, షెల్ సెట్టింగుల్లో చేర్చిన రెండు మూడు వరసలు చెరిపేస్తే చాలు.

ఆర్చ్ వాడుకరులు తయారీ వంటకాలు రాసి పంచుకునే ఏయూఆర్ అనే చోటు కూడా ఉంది. పైథాన్ 2, 3.11 లాంటి పాతవాటికి అక్కడ వంటకాలు దొరుకుతాయి. సిస్టమ్ పైథాన్‌కు అడ్డురాకుండా పక్కనే కూర్చుంటాయి. మంచి ఏర్పాటే. కానీ అక్కడ ఉన్నవాటికి ఆర్చ్ పూచీ లేదు. 2025 జులైలో బ్రౌజర్ల పేర్లతో ఎవరో హానికరమైన ప్యాకేజీలు పెడితే పట్టుకుని తొలగించారు. వంటకం చిన్న ఫైలే, దేన్ని ఎక్కడి నుంచి దించుతోందో చదివాకే వాడండి.

పైథాన్ 3లోనే కొంచెం పాతది కావాలంటే ఇప్పుడు ఇంత శ్రమ అక్కర్లేదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన యూవీ అనే పనిముట్టు ముందే తయారుచేసిన పైథాన్లను దించి ఇస్తుంది. కంపైలర్ ఊసే ఉండదు. 3.9, 3.11 లాంటివి క్షణాల్లో వస్తాయి. ఇదీ నాకు అవసరపడింది, ఎందుకో చెబుతాను. పైథాన్ 2 ప్రోగ్రాంను 3లోకి మార్చడానికి 2టు3 అనే సాధనం పైథాన్‌తోపాటే వచ్చేది. 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో దాన్ని తీసేశారు. అంటే పాతదాన్ని కొత్తదిగా మార్చే పనిముట్టు కూడా పాతదైపోయింది. దానికోసం 3.11ను యూవీతో తెచ్చుకున్నాను.

తయారీ ఎంతకీ కుదరనివాళ్లకు కంటైనర్ దారి ఉంది, అంటే మన సిస్టమ్ లోపలే ఇంకో లినక్స్‌ను విడిగా నడపడం. డాకర్ గానీ పాడ్‌మ్యాన్ గానీ వేసుకుని, లోపల డెబియన్ 11ను నడిపి, దానిలో పైథాన్ 2.7 వేసుకోవచ్చు. అక్కడ లైబ్రరీలన్నీ ఆనాటివే, కాబట్టి పొసగకపోవడం ఉండదు. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఒక్కటి మాత్రం మీ ఆర్చ్‌ది. పాత ప్రోగ్రాములకు కెర్నల్ ఇచ్చే సేవలను చెడగొట్టకూడదన్న నియమాన్ని లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ బృందం గట్టిగా పట్టుకుంది. అందుకే కొత్త కెర్నల్ మీద పాత డెబియన్ నిశ్చింతగా నడుస్తుంది. ఇంకో సౌకర్యం, కంటైనర్‌కు నెట్‌వర్క్ లేకుండా చేయొచ్చు. 2020 ఏప్రిల్ తర్వాత బయటపడ్డ లోపాలకు పైథాన్ వాళ్ల మరమ్మతు లేదు కాబట్టి 2.7ను ఇంటర్నెట్ నుంచి వచ్చే ఫైళ్లకు ఎదురుగా నిలబెట్టడం మంచిది కాదు. వెబ్‌సైటు నడపడానికైతే అసలే వద్దు.

ఇదంతా విన్నాక మా మేనల్లుడు అడిగినది న్యాయమైన ప్రశ్నే.

"ఇంత కష్టపడి పాతది తెచ్చుకునే బదులు దాన్ని పైథాన్ 3లోకి మార్చేస్తే పోలేదా అత్తా? ఒక పూట పని."

"మార్చాక పాతది చేసినట్టే చేస్తోందని ఎలా చెబుతావురా?"

"ఎర్రర్ లేకుండా నడిస్తే అయిపోయినట్టేగా."

కాదు. దాన్ని వాడు నా ఎదుటే మార్చాడు. 2టు3 చాలావరకు సరిదిద్దింది, మిగిలినవి వాడు సరిదిద్దాడు. ఏ ఎర్రరూ లేకుండా నడిచింది. ఒక కథల పుస్తకం మేటర్ ఇచ్చి పాత పైథాన్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి మార్చి, రెండు ఫలితాలనూ వరస వరసా పోల్చమన్నాను. పాతదానిలో "మంచి" అని ఉన్నచోట కొత్తదానిలో "వుంచి" అని ఉంది.

ఇది ఎలా జరిగిందో చెప్పాలి. కొన్ని పాత ఫాంట్లలో "మ" ఒకే ముక్క కాదు. "వ" ఆకారపు ముక్క పక్కన కొమ్ము ముక్క చేరిస్తే తెర మీద "మ" కనపడేది. కాబట్టి ఆ రెండు ముక్కల జంటను ముందు "మ"గా మార్చి, తర్వాతే విడి ముక్కల జోలికి పోవాలి. మిత్రుడి ప్రోగ్రాంలో మిగతా ఫాంట్లకు ఈ క్రమం స్పష్టంగా రాసి ఉంది. ఒక ఫాంటుకు మాత్రం ముక్కల పట్టీ పైథాన్ నిఘంటువు (డిక్షనరీ) రూపంలో ఉంది, ప్రోగ్రాం దాన్ని మొదటి నుంచి చివరికి తిరగేస్తుంది. పైథాన్ 2.7లో నిఘంటువు మనం రాసిన వరసలో తిరగదు. లోపలి లెక్క ప్రకారం ఏదో ఒక వరసలో తిరుగుతుంది, కానీ ఎన్నిసార్లు నడిపినా అదే వరస. ఆ వరసలో మన జంట ముందు వచ్చింది. పైథాన్ 3.7 నుంచి నిఘంటువు మనం రాసిన వరసలోనే తిరగాలని నియమం పెట్టారు. రాసిన వరసలో విడి ముక్క ముందుంది. "వ" వేరుగా, కొమ్ము వేరుగా మారి "వు" అయింది.

భాషలో వచ్చిన మార్పు మంచిదే. ప్రోగ్రాం కూడా పద్నాలుగు పుస్తకాలకు సరిగ్గానే పనిచేసినది. రెండూ కలిసినచోట "మంచి" పోయి "వుంచి" వచ్చింది. "వుంచి" కూడా తెలుగు మాటే కాబట్టి స్పెల్‌చెకర్ పట్టుకోదు. "మంచి మాట" అని రాసిన రచయిత కాలం చేశాడు, ప్రూఫు చూసి సరిచేయడానికి లేడు. ఆ పేజీని ఇక ముందు చదివేవాళ్లు, వెతికేవాళ్లు, దాని నుంచి మళ్లీ అచ్చు వేసేవాళ్లు ఆ తప్పునే రచయిత రాతగా తీసుకుంటారు. ఇది నాకు చిన్న విషయంగా తోచదు.

పాత పైథాన్ పక్కన నడుస్తూ ఉండబట్టే ఈ తేడా కంటపడింది. అదీ నేను దాన్ని నిలుపుకోవడానికి కారణం. రోజువారీ పనికి 2.7నే వాడుతూ కూర్చోవాలని కాదు. పైథాన్ 3లోకి మారాల్సిందే, మారుతున్నాం. కానీ మార్పు సరిగ్గా జరిగిందని సాక్ష్యం చెప్పగలిగేది ఆ పాతదొక్కటే. అది నడవని రోజున పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. రెండు పైథాన్లకూ మధ్య ఇంకో సన్నని తేడా కూడా ఉంది. ఏడును రెండుతో భాగిస్తే పైథాన్ 2 మూడు అంటుంది, పైథాన్ 3 మూడున్నర అంటుంది. లెక్కల ప్రోగ్రాములు మార్చేవాళ్లు దీన్ని తప్పక చూసుకోవాలి, ఇది కూడా ఎర్రర్ చూపించదు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. ఒక్కో ఫాంటు నుంచి ఒక్కో అధ్యాయం ఎంచి పరీక్ష మేటర్‌గా పెట్టాం. 2.7తో మార్చి, అచ్చు పుస్తకంతో పోల్చి ప్రూఫు చూసి, సరైన ప్రతిగా దాచాం. కొత్త ప్రోగ్రాం ఇచ్చేది దానితో అక్షరం అక్షరం కలవాలి. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తుంది, కొన్ని నెలల్లో ఆర్చ్‌లోకి దిగుతుంది. దిగినప్పుడల్లా ఈ పరీక్ష మళ్లీ నడుపుతాం. ఫోల్డర్‌లో ఒక తెలుగు ఫైలు కూడా రాసిపెట్టాం. ఏ పైథాన్, ఎక్కడి నుంచి తెచ్చింది, తయారీలో కంపైలర్‌కు ఏ సూచన ఇచ్చింది, ఏ భాగం తయారవలేదు, అన్నీ అందులో ఉన్నాయి. పైథాన్ 2.7.18 మూలపాఠం ప్రతిని కూడా అక్కడే ఉంచాం.

"మ" సర్దుకుంది. ఆ ఫాంటులోనే "య"ను కూడా కొమ్ము చేర్చి కట్టారు. దాని జంటలను ఈ వారం నుంచి పోల్చడం మొదలుపెట్టాం.